మీ టీమ్ వెలాసిటీ ఎంతండీ?

మొన్న శుక్రవారం రాత్రి పదకొండింటికి నా ఇంజనీరింగ్ కాలేజీ స్నేహితుడొకడు ఫోన్ చేసాడు. ఆ టైముకి వాడు చేసాడంటే ప్రొడక్షనన్నా పడిపోయుండాలి, ఉద్యోగమన్నా పోయుండాలి. రెండూ కాదట.

"మామా, మా టీమ్ వెలాసిటీ 38. పక్క టీమ్ వెలాసిటీ 71. ఇవాళ మా డైరెక్టర్ గారు పిలిచి, వాళ్ళు మీకు దాదాపు రెట్టింపు పని చేస్తున్నారు, మీవాళ్ళేం చేస్తున్నారు అని అడిగారు. ఏం చెప్పమంటావ్?"

"పక్క టీములో ఎంతమంది?" అన్నాను.

"మా అంతే, ఏడుగురు."

"వాళ్ళేం చేస్తారు?"

"రిపోర్టులు."

"మరి మీరు?"

"పేమెంట్లు."

"అయితే ఓ పని చెయ్యి. సోమవారం నుంచి ప్రతి అంకెనీ రెండుతో గుణించు. మీ వెలాసిటీ 76 అయిపోతుంది. డైరెక్టర్ గారు శాలువా కప్పుతారు" అన్నాను.

వాడు నవ్వలేదు. "ఇప్పటికే గుణించిందే 38 మామా" అన్నాడు.

అప్పుడు నాకు పగలబడి నవ్వొచ్చింది గానీ, ఫోన్ పెట్టేసాక మాత్రం రాలేదు. ఎందుకంటే ఆ డైరెక్టర్ గారి చేతిలో ఉన్నలాంటి షీటు ఒకప్పుడు నేనూ తయారు చేసాను. నా చేత్తోనే. ఆ కథ కాసేపాగి చెప్తాను. ముందు నేను చెప్పదల్చుకున్నదేదో సూటిగా చెప్పేస్తా, నచ్చనివాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు.

రెండు టీముల స్టోరీ పాయింట్లని పక్కపక్కన పెట్టి పోల్చడం అన్యాయం. పది టీముల పాయింట్లని కూడి "ఈ నెల మా ప్రోగ్రాం ఇంత పని పూర్తి చేసింది" అని చెప్పడం అబద్ధం. అన్యాయం కొందరికి తగుల్తుంది, అబద్ధం మాత్రం అందరికీ తగుల్తుంది, ఆ నంబరు అడిగినవాడితో సహా.

"ఇదంతా మాకు తెలుసు లేవయ్యా, స్క్రమ్ మాస్టర్ ట్రైనింగులో మొదటిరోజే చెప్తారు" అంటారా? నిజమే, చెప్తారు. సర్టిఫికెట్ తీసుకుని లింక్డిన్‌లో పెట్టుకుని, నెల తిరిగేసరికి అదే బార్ చార్టు గీస్తాం. తెలియక చేస్తే వేరు. తెలిసి చేస్తున్నాం, అదీ నా బాధ.

అసలీ పాయింట్లు ఎక్కణ్ణించి వచ్చాయో చూద్దాం. 1990ల చివర్లో క్రైస్లర్ కార్ల కంపెనీలో జీతాల లెక్కలకోసం సీ3 అనే ప్రాజెక్టు నడిచింది. ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ పుట్టింది అక్కడే. కెంట్ బెక్, రాన్ జెఫ్రీస్ వగైరాలు అందులో ఉన్నారు. మొదట్లో వాళ్ళు స్టోరీలని రోజుల్లోనే అంచనా వేసేవాళ్ళు, కాకపోతే "ఎవరూ మనల్ని కదిలించకపోతే పట్టే రోజులు" అన్నమాట. నిజంగా పట్టే రోజులు దానికి సుమారు మూడింతలు ఉండేవి. దాంతో బయటివాళ్ళకి ఒకటే అనుమానం, ఒక్కరోజు పనికి మూడ్రోజులెందుకు అని. ఈ గోల పడలేక రోజు అనే మాట తీసేసి పాయింటు అన్నారు. అంతే సంగతి. అంటే పాయింటు పుట్టిందే బయటివాళ్ళు దాన్ని రోజులుగా చదవకుండా ఉండటానికి. మనం దాన్నే బయటివాళ్ళ కొలబద్ద చేసి కూర్చున్నాం! చివరికి రాన్ జెఫ్రీసే 2019లో, స్టోరీ పాయింట్లు కనిపెట్టింది బహుశా నేనే, అదే నిజమైతే ఇప్పుడు చింతిస్తున్నా అనే అర్థం వచ్చేట్టు రాసుకున్నాడు. కన్నతండ్రే వద్దన్న పిల్లాణ్ణి మనం నెత్తినెక్కించుకుని ఊరేగిస్తున్నాం.

ఇంకో తమాషా. స్క్రమ్ గైడ్ చదివారా? 2020 నవంబర్లో వచ్చిన ప్రతి తీసి వెతకండి. స్టోరీ పాయింటు అన్న మాట లేదు. వెలాసిటీ అన్న మాటా లేదు. "స్క్రమ్ ప్రకారం వెలాసిటీ రిపోర్ట్ చెయ్యాలి" అని ఎవరైనా మీటింగులో అంటే ఏ పేజీలో అని అడగండి. (అప్రైజల్ అయ్యాక అడగండి. ముందే అడిగి నన్ను తిట్టుకోవద్దు.)

సరే, విషయానికొస్తాను. మాది వ్యవసాయం చేసిన కుటుంబం. మా తాతయ్య వరి కోతకి ముందు గట్టు మీద నిలబడి, ఓ నాలుగు కంకులు అరచేతిలో నలిపి చూసి, "ఈసారి ఎకరానికి ముప్ఫై బస్తాలు దిగుతాయిరా" అనేవాడు. అది అంచనా. కూలీలని మాట్లాడుకోవడానికి, గోనెసంచులు తెచ్చుకోవడానికి పనికొచ్చేది. కోత అయ్యి, నూర్పిడి అయ్యి, కళ్ళంలో బస్తాలకెత్తితే ఒకోసారి ఇరవయ్యారు వచ్చేవి, ఒకోసారి ముప్ఫై రెండు. అది కొలత. ఎంత నోరున్న రైతైనా గట్టు మీద వేసిన అంచనాని మిల్లుకి తోలి డబ్బులడగడు కదా?

స్టోరీ పాయింటు గట్టు మీద మాట. పని మొదలెట్టకముందు, ఆ ఏడుగురు వాళ్ళలో వాళ్ళు చెప్పుకున్న మాట. స్ప్రింట్ చివర "38 పాయింట్లు పూర్తి చేసాం" అంటే అర్థం, "మేము 38 అనుకున్న పని ఏదో అయిపోయింది" అని. ఆ పని నిజంగా ఎంతో అందులో లేదు. పేమెంట్ రిఫండు మూడనుకుని మూడు వారాలు తలబాదుకున్నా లెక్కలో మూడే. రిపోర్టులో రెండు కాలమ్‌లు కలపడం ఎనిమిదనుకుని గంటలో ముగించినా లెక్కలో ఎనిమిదే.

దానికి తోడు ఏ ఊరి కుంచం ఆ ఊరిది. మెట్రిక్ పద్ధతి కోసం 1956లో చట్టం వచ్చేదాకా, వచ్చాక కూడా చాన్నాళ్ళు, ఒక ఊరి కుంచానికీ పక్కూరి కుంచానికీ పొంతన ఉండేది కాదు. సంతలో ఆ సంగతి అందరికీ తెలుసు, "ఏ ఊరి కుంచం?" అని అడిగాకే బేరం. చదువూ సంధ్యా లేనివాళ్ళనుకునే ఆ రోజుల్లోనే ఆ జాగ్రత్త ఉంటే, ఇంజనీరింగులూ ఎంబీయేలూ చేసిన మనం ఆరూళ్ళ కుంచాలని ఎక్సెల్లో సమ్ కొట్టేస్తున్నాం.

ఇప్పుడు నా కథ.

2017లో నేను హైదరాబాదులో ఓ కంపెనీలో సీనియర్ లీడ్‌ని. అమెరికాలో ఉన్న ఒక ఇన్సూరెన్స్ క్లయింటుకి ఒకే ప్రోడక్టు, ఆరు టీములు. మా డెలివరీ హెడ్ ఒకరోజు పిలిచి, "ఏమయ్యా, ప్రతి టీమూ ఏదో ఒక లెక్క చెప్తోంది. క్లయింటుకి చూపించడానికి ఆరింటికీ కలిపి నాకు ఒక్క నంబరు కావాలి" అన్నారు. నేను ఒకరోజంతా కూర్చుని షీటు చేసాను. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు, గ్రాఫులు, కింద మొత్తం. చాలా మెచ్చుకున్నారు. నాకూ ముచ్చటేసింది, కాదనను.

మొదటినెల టీముల పేర్లు అక్షరక్రమంలో ఉన్నాయి. రెండో నెల మీటింగులో ఎవరో పాయింట్ల కాలమ్ మీద క్లిక్ చేసి పెద్దది పైన, చిన్నది కింద వచ్చేలా మార్చారు. ఒక్క క్లిక్కు! ఆ క్షణం నుంచి అది షీటు కాదు, ర్యాంకుల లిస్టు. ఎంసెట్ రిజల్ట్సు చూసి పెరిగినవాళ్ళం కదా, ర్యాంకు కనిపిస్తే మనకి ఇంకేం కనపడదు.

తర్వాత ఏం జరిగిందో మీలో చాలామంది ఊహించగలరు. మూడు పాయింట్ల పాస్‌వర్డ్ స్క్రీన్ అయిదయ్యింది, కొన్నాళ్ళకి ఎనిమిదయ్యింది. ఎవరూ దొంగలెక్క రాయాలని కూర్చోలేదండీ. ప్లానింగ్‌లో అయిదా ఎనిమిదా అని తేలనప్పుడు ఎవరో ఒకరు "రిస్క్ ఉంది కదా, ఎనిమిదేద్దాం" అనేవాళ్ళు, మిగతావాళ్ళు తలూపేవాళ్ళు. నేనూ ఊపాను. మా షీట్లో మొత్తం నెలనెలా పెరుగుతూ పోయింది. క్లయింటు చేతికి అందేది మాత్రం ఎప్పట్లాగే ఉంది.

రెండోది, ఒకరికొకరు సాయం చెయ్యడం ఆగిపోయింది. అంతకుముందు పక్క టీమువాడు ఇరుక్కుంటే కుర్చీ లాక్కుని వెళ్ళి కూర్చునేవాళ్ళం. ఇప్పుడు "టికెట్ పెట్టు, నెక్స్ట్ స్ప్రింట్లో చూద్దాం" అనడం మొదలైంది. ఎందుకంటే సాయానికి పాయింట్లుండవు. మీ గంట వాళ్ళ ఖాతాలో పడుతుంది, మీ టీము లిస్టులో కిందికి జారుతుంది.

మూడోదే అసలు దెబ్బ. "అయిపోయింది" అంటే ఏంటన్నది ఆరు టీముల్లో ఆరు రకాలు. ఒక టీముకి కోడ్ చెకిన్ చేస్తే అయిపోయినట్టు. ఇంకో టీముకి వాళ్ళ టెస్టర్ ఓకే అంటే అయిపోయినట్టు. మరో టీము అందరి కోడూ కలిపిన ఎన్విరాన్‌మెంట్‌లో నడిచేదాకా అయిపోయిందనేది కాదు. ఈ చివరి టీము లిస్టులో ఎక్కడుండేదో మీరే చెప్పండి. ఎంత నిజాయితీగా ఉంటే అంత కింద.

రిలీజుకి ముందు ఆరు టీములూ వంద శాతం ఆకుపచ్చ. అన్నీ కలిపి నడిపితే ఒక్క పాలసీ కూడా మొదట్నించి చివరిదాకా వెళ్ళలేదు. ప్రీమియం లెక్కగట్టే టీము మొత్తాన్ని సెంట్లలో పంపిస్తోంది, బిల్లింగ్ టీము దాన్ని డాలర్లనుకుని తీసుకుంటోంది. రెండు టీముల టెస్టులూ పాసే, రెండు టీముల పాయింట్లూ జమే. ఆపరేషన్ సక్సెస్, పేషెంట్ డెడ్! నెలరోజుల్లో సర్దుకుంటుందనుకున్నది మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలల పని నా షీట్లో ఎక్కడా లేదు. ఎందుకుంటుంది? అప్పటికే అన్నీ "అయిపోయాయి" కదా.

ఆ మూడు నెలలూ మమ్మల్ని గట్టెక్కించింది ఎన్విరాన్‌మెంట్లు చూసే చిన్న టీములోని ఒక టెస్టర్ అమ్మాయి. ఎవరి బిల్డ్ ఎవర్ని పడగొట్టిందో రాత్రిళ్ళు కూర్చుని లాగులు చదివి చెప్పేది. ఆ పనంతా పక్క టీముల బగ్గుల కింద కామెంట్లుగా ఉండేది. ఆమె పేరు మీద స్టోరీలు లేవు, పాయింట్లు లేవు. అప్రైజల్స్ వచ్చాయి. బెల్ కర్వ్‌లో ఎవరో ఒకర్ని కిందకి తొయ్యాలి. నా షీటు తెరిచారు. అడుగున ఉన్న టీము ఏది? వాళ్ళదే. అందులో తక్కువ "కాంట్రిబ్యూషన్" ఎవరిది? ఆమెదే.

నా డెస్కు దగ్గరకొచ్చి "అన్నా, ఆ షీట్లో నా పని ఎక్కడుందో చూపిస్తారా?" అని అడిగింది. కోపంగా కూడా అడగలేదు. నేను "నెక్స్ట్ క్వార్టర్ నుంచి దానికో కాలమ్ పెడదాంలే" అన్నాను. ఇప్పటికీ తల్చుకుంటే సిగ్గేస్తుంది ఆ మాటకి. రెండు నెలల్లో మానేసి వెళ్ళిపోయింది. ఆమె చేసిన పనికి తర్వాత ఇద్దర్ని పెట్టారు.

అందుకే "వెలాసిటీ పోల్చడం చిన్న పొరపాటేలే, నంబరే కదా" అని ఎవరైనా అంటే నాకు మండుతుంది. ఆ నంబరు ఊరికే ఉండదు, పోయి ఎవరో ఒకరి రేటింగులో కూర్చుంటుంది.

ఇదేం కొత్త జబ్బు కూడా కాదు. ఒకప్పుడు కోడు లైన్లు లెక్కపెట్టేవాళ్ళు. 1982లో యాపిల్‌లో లీసా కంప్యూటర్ చేసేటప్పుడు వారంలో ఎన్ని లైన్లు రాసారో ఫారంలో నింపమన్నారట. బిల్ అట్కిన్సన్ ఆ వారం ఉన్న కోడుని చిన్నగా, వేగంగా తిరగరాసి, ఫారంలో మైనస్ 2000 అని నింపి ఇచ్చాడు. ఆయన్ని తర్వాత ఆ ఫారం అడగడం మానేసారు. అంతకుముందే 1979లో ఐబీఎంలో అలాన్ ఆల్బ్రెక్ట్ ఫంక్షన్ పాయింట్లు తెచ్చాడు, కనీసం అవి వాడేవాడికి కనిపించేదాన్ని లెక్కపెట్టాయి. కొలవలేనిదాన్ని అదుపు చెయ్యలేం అని 1982లో పుస్తకం రాసిన టామ్ డిమార్కో, 2009లో తన మాటని తనే తిరిగి ప్రశ్నించుకుంటూ వ్యాసం రాసాడు. మన మేనేజ్‌మెంట్ స్లైడుల్లో మాత్రం ఆయన పాత మాటే ఇంకా తిరుగుతోంది.

ఇక గుడ్‌హార్ట్ సూత్రం. చార్ల్స్ గుడ్‌హార్ట్ అనే బ్రిటిష్ ఆర్థికవేత్త 1975లో డబ్బు విధానం గురించి చెప్పిన సంగతి అది. దాని సారం, ఏ కొలతనైనా లక్ష్యంగా పెట్టారంటే అది ఇక కొలతగా పనికిరాకుండా పోతుందని. మన మూడు పాయింట్ల పాస్‌వర్డ్ స్క్రీన్ ఎనిమిదవ్వడం అచ్చంగా అదే.

ఇప్పుడు మీ అభ్యంతరాలు. ఇవన్నీ నాతో ఎవరో ఒకరు అన్నవే.

"అయితే అందరికీ ఒకే కుంచం పెడదాం, పాయింట్లని నార్మలైజ్ చేద్దాం." స్కేల్డ్ ఎజైల్ ఫ్రేమ్‌వర్క్, అదే మనం ముద్దుగా సేఫ్ అనుకునేది, ఈ చిట్కా చెప్పింది. అరరోజు కోడు, అరరోజు టెస్టు పట్టే చిన్న స్టోరీని ఒక పాయింటు అనుకోండి, రెండు వారాలకి మనిషికి ఎనిమిది పాయింట్లు వేసుకోండి అని. చూడ్డానికి బానే ఉంది. కానీ ఒక పాయింటంటే ఒకరోజు, మనిషికి ఎనిమిది అంటే అది ఏంటి చెప్పండి? మన పాత మ్యాన్‌డే! పేరు మార్చి, కొత్త చొక్కా వేసి కూర్చోబెట్టాం. పైగా మనిషికి ఎనిమిదేనని ముందే రాసేసాక, పూర్తయిన పాయింట్లు చెప్పేది ఎంతమంది ఆఫీసుకొచ్చారన్నదే. దానికి హాజరుపట్టీ ఉంది కదా. అసలు సంగతేంటంటే, కుంచాన్ని ప్రామాణికం చెయ్యొచ్చు, ఎందుకంటే అది వచ్చిన ధాన్యాన్ని కొలుస్తుంది. అంచనాని ప్రామాణికం చెయ్యలేరు. ఊరందరూ ఒకే గట్టెక్కి చూసినా అది అంచనానే.

"క్లయింటు అడుగుతున్నాడండీ, కాంట్రాక్టులోనే ఉంది." ఇది మాత్రం మన సర్వీసెస్ కంపెనీల అసలైన కష్టం, ఒప్పుకుంటాను. క్వార్టర్ క్వార్టర్‌కీ వెలాసిటీ ఇంత శాతం పెరగాలన్న షరతు నేను చూసాను. అలాంటి షరతు మీద సంతకం పెట్టిన రోజే పెరుగుదల ఖాయమైపోతుంది, ఏ ఇంజనీరూ ఒక్క లైను ఎక్కువ రాయనక్కర్లేకుండానే. క్లయింటు కొన్నది గాలి, మనం అమ్మింది గాలి, బిల్లు మాత్రం డాలర్లలో. క్లయింటుకి నిజంగా కావల్సింది వెలాసిటీ కాదు. "నేను అడిగింది ఎప్పుడొస్తుంది, వచ్చాక పనిచేస్తుందా?" ఈ రెండే. దానికి జవాబు మన దగ్గర లేక వెలాసిటీ ఇస్తున్నాం.

"ఇప్పుడు ఏఐ వచ్చింది, దానివల్ల ఎంత లాభమో వెలాసిటీలో చూపించాలి." ఇది కొత్త వేషం. ఆలోచించండి. ఏఐ అసిస్టెంటు వల్ల ఒక పని నిజంగా తేలికైతే, టీము వచ్చే ప్లానింగులో దానికి ఎనిమిది బదులు మూడు వేస్తుంది. అప్పుడు వెలాసిటీ పెరగదు! పెరిగినట్టు కనిపించాలంటే తేలికైన పనికి కూడా పాత కష్టం నంబరే వెయ్యాలి. అంటే వెలాసిటీ పెరిగితే ఏఐ పనిచేసిందని కాదు, పెరక్కపోతే పనిచెయ్యలేదనీ కాదు. కోడు గబగబా వచ్చి రివ్యూ కోసం క్యూలో పడుంటే క్లయింటుకి ఒరిగేది ఏముంది?

"మరి మేనేజరు ఏం చూడాలి? కళ్ళు మూసుకోవాలా?" అక్కర్లేదు. కళ్ళంలో కొలవండి. నా అనుభవంలో పనికొచ్చినవి ఇవి.

1. అన్ని టీములకీ "అయిపోయింది" అన్న మాటకి ఒకటే అర్థం ఉండాలి. ఇది నా సొంత తెలివి కాదు, ఒకే ప్రోడక్టు మీద చాలా టీములుంటే అందరూ కలిసి ఒకే డెఫినిషన్ ఆఫ్ డన్ పెట్టుకుని పాటించాలని 2020 స్క్రమ్ గైడే చెప్తుంది. కెన్ ష్వాబర్ 2015లో బయటపెట్టిన నెక్సస్ పద్ధతిలో కూడా ముఖ్యమైన సంగతి అదే, స్ప్రింట్ చివర అన్ని టీముల పనీ కలిసిన ఒకే ఒక్క ముక్క ఉండాలి. అందరి కోడుతో కలిసి నడవనిది అవ్వనట్టే. ఈ ఒక్కటి పెడితే మొదటినెల మీ ఆకుపచ్చలు సగం ఎగిరిపోతాయి. భయపడకండి, అవి ఎప్పుడూ లేవు.

2. లెక్క టీము దగ్గర కాదు, ప్రోడక్టు దగ్గర పెట్టండి. ఒక ఫీచరుకి నలుగురు టీములు కావాలి, ముగ్గురివి అయ్యాయి. పూర్తయిన పని ఎంత? ముప్పావు కాదు, సున్నా. వాడేవాడికి ముప్పావు పాలసీ ఇవ్వలేం. ఇలా లెక్కపెడితే ఆ ముగ్గురూ నాలుగోవాడి దగ్గరకి తమంతట తామే కుర్చీలు లాక్కుని వెళ్తారు.

3. ఎంత పని చేతిలో ఉంది, ఒక్కోటి మొదలెట్టిన రోజు నుంచి బయటికెళ్ళే రోజుదాకా ఎన్నాళ్ళు పడుతోంది, ఇవి చూడండి. వీటికి ఎవరి అంచనా అక్కర్లేదు, తారీకులు చాలు. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ఉంది, క్యూలో సగటున ఉన్నవాటిని, వారానికి బయటికెళ్ళేవాటితో భాగిస్తే సగటున పట్టే కాలం వస్తుంది. ఆరు టీముల్లో కలిపి 60 పనులు నడుస్తూ, వారానికి 10 పూర్తవుతుంటే ఒక్కోదానికి సగటున ఆరు వారాలు. వారానికి పదీ అలాగే వెళ్తూ, చేతిలో ఉన్నవి 30కి తగ్గించుకుంటే మూడు వారాలు. ఎవర్నీ "ఇంకా వేగంగా పనిచెయ్యండి" అనకుండానే! మొదలెట్టడం తగ్గించి, ముగించడం మీద పడండి చాలు.

4. వెనక్కొచ్చినవి చూడండి. ఎన్నిసార్లు రిలీజ్ చేసాం, అందులో ఎన్ని బెడిసికొట్టాయి, కోడు రాసినప్పట్నుంచి బయటికెళ్ళడానికి ఎంతసేపు, పడిపోతే లేవడానికి ఎంతసేపు. 2018లో నికోల్ ఫోర్స్‌గ్రెన్, జెజ్ హంబుల్, జీన్ కిమ్ రాసిన యాక్సిలరేట్ పుస్తకంలో ఉన్నవి ఈ నాలుగే. ఇందులో వేగమూ ఉంది, నాణ్యతా ఉంది, ఒకదాన్ని చంపి ఇంకోదాన్ని పెంచితే వెంటనే దొరికిపోతారు.

5. చివరగా, చేసింది ఎవరైనా వాడుతున్నారా? 2023లో మెకిన్సీ వాళ్ళు డెవలపర్ల ఉత్పాదకత కొలవచ్చు అంటూ వ్యాసం వేస్తే కెంట్ బెక్, గెర్గెలీ ఒరోజ్ కలిసి జవాబు రాసారు. ముందు శ్రమ, దాన్నుంచి వచ్చే వస్తువు, దానివల్ల వాడేవాడిలో వచ్చే మార్పు, చివరికి వ్యాపారానికి ఒరిగేది, ఇలా నాలుగు మెట్లు చూపించి, మొదటి మెట్ల దగ్గర కొలిచేకొద్దీ మనుషులు కొలతకోసమే పనిచేస్తారని హెచ్చరించారు. మన స్టోరీ పాయింటు మొదటి మెట్టు కూడా ఎక్కలేదు. శ్రమ కూడా కాదది, శ్రమ గురించిన ఊహ.

ఒక హెచ్చరిక. ఈ అయిదూ కూడా పాడు చెయ్యొచ్చు. పూర్తయిన పనుల సంఖ్య మీద ర్యాంకులివ్వండి, మర్నాడే ఒక్కో పని నాలుగు ముక్కలవుతుంది. అందుకని వీటిని పని ఎక్కడ ఆగిపోయిందో వెతకడానికి వాడండి, మనిషిని వెతకడానికి కాదు. థర్మామీటరు జ్వరం చూడ్డానికి, క్లాసులో ఎవరికెంత టెంపరేచరో చూసి ర్యాంకులివ్వడానికి కాదు.

మరి పాయింట్లు తీసి అవతల పారెయ్యాలా? నేనలా అనట్లేదు. ఆ ఏడుగురూ కూర్చుని "ఇది మూడని నువ్వంటున్నావ్, పదమూడని నేనంటున్నా, ఏంటి తేడా?" అని మాట్లాడుకోవడానికి పాయింట్లు బానే పనికొస్తాయి. వచ్చే స్ప్రింట్లో ఎంత పెట్టుకోవాలో వాళ్ళు చూసుకోవడానికీ పనికొస్తాయి. కాకపోతే ఆ అంకె ఆ గది దాటకూడదు. ఇంట్లో మాటలు ఇంట్లోనే ఉండాలి, వీధిలో పెడితే వేరే అర్థాలొస్తాయి.

నా స్నేహితుడికి చివరికి ఇదే చెప్పాను. సోమవారం డైరెక్టర్ గారి దగ్గరికి వెళ్ళి వాదించకు, పేమెంట్ల టీములో గత మూడు నెలల్లో బయటికెళ్ళిన పనులు, ఒక్కోదానికి పట్టిన రోజులు, వెనక్కొచ్చినవి, ఈ మూడూ తారీకులతో ఒక కాయితం మీద పెట్టు. రిపోర్టుల టీమువాణ్ణీ పక్కన కూర్చోబెట్టుకో, వాడు నీ శత్రువు కాదు, రేపు వాడి పక్కకి వంద వెలాసిటీ టీము వస్తే వాడికీ ఇదే గతి. ఇద్దరూ కలిసి వెళ్ళండి అన్నాను. "వింటారంటావా?" అన్నాడు. ఏమో, వినకపోవచ్చు. కానీ ఆ 38 నిజం కాదని ఆయనకి తెలియాల్సిన అవసరం మనకంటే ఆయనకే ఎక్కువ, ఎందుకంటే ఆ లెక్క చూసుకునే ఆయన పైవాళ్ళకి రిలీజ్ తారీకు మాటిస్తున్నారు.

ఇక మీలో ఎవరినైనా రేపు పిలిచి, "ఆరు టీములకీ కలిపి ఒక్క నంబరు కావాలి" అంటే, షీటు తెరిచే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "ఈ నంబరు చూసి మీరేం నిర్ణయం తీసుకుంటారండీ?" అని. 2017లో నేను అడగలేదు. అడిగుంటే ఉద్యోగమేం పోయేది కాదు, మహా అయితే ఆ నెల మెచ్చుకోలు పోయేది. ఆ అమ్మాయి అడిగినదానికి నా దగ్గర ఇప్పుడు జవాబుంది గానీ, ఆమె ఇప్పుడు ఏ కంపెనీలో ఉందో నాకు తెలీదు.

ఉంటా మరి. పొద్దున్న తొమ్మిదింటికి స్టాండప్ ఉంది.